మస్తానయ్య చెయ్యి

నమోదు 1

ఆరోగ్య సంస్థ నాకిచ్చిన పని చిన్నదే. ఆరో గట్టు వీధిలో జరిగింది జరిగినట్టు మామూలు తెలుగులో చెప్పాలి, గోడలోని యంత్రం రాసుకుంటుంది. మా చేతి పట్టీలు పంపే అంకెలు సంస్థ దగ్గర కుప్పలుగా ఉన్నాయిగానీ, ఆ అంకెల వెనక మనుషులు ఏం చేస్తున్నారో తెలియడం లేదని పైన ఎవరో అన్నారట. అందుకని పత్రికలో పనిచేసి మానేసి, ఇదే వీధిలో ఉంటున్న నన్ను పట్టుకున్నారు. విశేషణాలు వాడొద్దన్నారు. అది నాకు కష్టం కాదు.

నేను చెప్పినదంతా యంత్రం ఒక వాక్యానికి కుదిస్తుంది. పైకి వెళ్లేది ఆ వాక్యమే. నా వార్తల్ని కోసిన సబ్ ఎడిటర్లు చాలామంది ఉన్నారుగానీ ఇంత శుభ్రంగా కోసినవాళ్లు లేరు.

వీధిలో ముప్ఫై దాకా ఇళ్లున్నాయి. అన్నీ స్తంభాల మీదే. పోటు వస్తే కింద నీళ్లు, తీస్తే బురద. ప్రతి వంటింట్లో సంస్థ పెట్టిన అలమర ఉంది. ఉప్పు, పంచదార, నూనె అందులోనే ఉంటాయి. ప్రతి మనిషికీ ఒక పట్టీ ఉంది. పొద్దున్నే గోడలోంచి ఒక ఆడగొంతు పలకరిస్తుంది. అప్పుడు పట్టీ ఒంటి మీద ఉండాలి. నాడి, బీపీ, రక్తంలో ఉప్పు, చక్కెర చూసి, ఆ రోజుకి అలమర తెరవాలో వద్దో ఆ గొంతే చెబుతుంది. వీధిలో దాన్ని గోడమ్మ అంటారు.

మా పక్కింటి తిరుపతమ్మ గట్టు మీద చేపలు ఎండబెడుతుంది. ఆమెకి బీపీ ఉంది, షుగరు ఉంది, తను ఎండబెట్టిన చేప తను తినకుండా ఉండలేని జబ్బు కూడా ఉంది. ఆమె అలమర తెరుచుకుని చాలా కాలమైంది.

ఆరో గట్టులో ఇంట్లో లేనిది పక్కింట్లో అడిగి తెచ్చుకుంటారు. చింతపండు, నిచ్చెన, కత్తిపీట, బిడ్డ ఏడుపు మానకపోతే ఎత్తుకోవడానికి ఒక ముసలమ్మ. ఇచ్చినవాళ్లు అడగరు, తెచ్చుకున్నవాళ్లు దాచుకోరు. తిరుపతమ్మ ఇంట్లో లేనిది మంచి నాడి. ఎదురింటి మస్తానయ్యకి అది ఉంది. మస్తానయ్య పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, సిగరెట్టు కూడా తాగడు, కోపం తెచ్చుకోవడం ఇంకా నేర్చుకోలేదు.

ఈ పొద్దున తిరుపతమ్మ తన పట్టీ తీసుకెళ్లి అతని చేతికి తొడిగింది. గోడమ్మ పలకరించింది. తిరుపతమ్మ అలమర తెరుచుకుంది.

సారాంశం: ఇరుగుపొరుగు సహకారం బాగుంది.

నమోదు 2

వర్షాలు మొదలయ్యాయి. మస్తానయ్య కుడి చెయ్యి మోచేతి దాకా పట్టీలతో నిండిపోయింది. ఎడమ చెయ్యి నిండుతోంది.

వీధి మొత్తం పొద్దున్నే అతని అరుగు మీద చేరుతోంది. ఎవరి పట్టీ ఏదో తెలియడానికి రంగురంగుల గుడ్డపేలికలు కట్టుకున్నారు. తిరుపతమ్మది పసుపు. నాది నీలం. అవును, నాది కూడా వెళ్తోంది. చక్కెర లేని కాఫీ తాగి నిజాలు రాయడం నాకు చేతకాదు.

పట్టీ ఎవరి చేతికుందో సంస్థకి తెలియదు. తెలియకూడదని వాళ్లే నియమం పెట్టుకున్నారు. మనుషుల గోప్యత కాపాడాలి కాబట్టి పట్టీకి మనిషిని గుర్తుపట్టే తెలివి ఇవ్వలేదు. ఫలానా పట్టీ ఫలానా మనిషి పేరున ఉందన్నంత వరకే దానికి తెలుసు.

రోజూ జనం ఒకేచోట చేరడం చూసి సంస్థ నుంచి డాక్టర్ హిమజ గోడ మీద కనిపించింది. చిన్న వయసు, నిద్ర చాలని కళ్లు. మీ వీధి అలవాటు మాకు చాలా ఆసక్తిగా ఉందని చెప్పింది. పొద్దున్నే అందరూ కలవడం వల్ల గుండెలు ఒకే లయలో కొట్టుకుంటున్నాయట. దాని మీద ఒక పత్రం రాస్తోందట.

మస్తానయ్య భార్య అంకమ్మ వెనక నిలబడి అంతా వింది. గోడ ఆరిపోయాక అంది: "ఒకే లయ కాక రెండు లయలు ఎట్టా వస్తయ్యి? ఉన్నది ఒక్క మొగుడేగా."

ఆ మాట కూడా గోడకి చెప్పాను.

సారాంశం: మహిళలు కుటుంబం పట్ల సంతృప్తిగా ఉన్నారు.

నమోదు 3

ఆరో గట్టు రాష్ట్రంలోకెల్లా ఆరోగ్యమైన వీధి అని తేలింది. డెబ్బై దాటినవాళ్ల గుండెలు, నలభై దాటినవాళ్ల గుండెలు సమానంగా పనిచేస్తున్నాయట. తిరుపతమ్మ తన గుండె వయసు ఎంతో గోడమ్మ నోట మూడుసార్లు చెప్పించుకుంది.

ఇంత మంచి వీధిని ఊరికే వదలకూడదని సంస్థ అనుకుంది. కొత్త ప్రయోగం పెట్టింది. పట్టీలని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపు పొద్దున్నే గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకి వేగంగా నడవాలి. రెండో గుంపు నీళ్ల టవరు మెట్లెక్కాలి. మూడో గుంపు ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి. నడిచినవాళ్లకీ ఎక్కినవాళ్లకీ ఏమైనా ఒరిగిందా అన్నది తేలాలంటే ఊరికే కూర్చున్నవాళ్లు కూడా కొందరు కావాలట.

చివరిదాకా బాగా చేస్తే వీధిలో అలమరలన్నీ తాళాలు తీసి ఎప్పటికీ అలాగే వదిలేస్తామని డాక్టర్ హిమజ చెప్పింది.

అంకమ్మ మూడు బుట్టలు తెచ్చింది. మస్తానయ్య మొదటి బుట్ట పట్టీలు తొడుక్కుని గట్టు నడిచి వచ్చాడు. అవి విప్పి రెండో బుట్టవి తొడుక్కుని టవరు ఎక్కి దిగాడు. తర్వాత మూడో బుట్టవి తొడుక్కుని అరుగు మీద కూలబడి ఏమీ చెయ్యకుండా రొప్పాడు.

సారాంశం: ప్రజలు వ్యాయామంలో ఉత్సాహంగా పాల్గొంటున్నారు.

నమోదు 4

మూడో గుంపు సంస్థని ఆశ్చర్యపరుస్తోంది. ఏమీ చెయ్యకుండా కూర్చున్నవాళ్ల గుండె, టవరు ఎక్కినవాళ్ల గుండె కంటే గట్టిగా కొట్టుకుంటోంది. ఖాళీగా కూర్చోవడం ప్రమాదకరమని తేలుతోందని, ఇది పెద్ద విషయమని డాక్టర్ హిమజ చెప్పింది. ఇంకో పత్రం.

మస్తానయ్య మధ్యాహ్నాలు షెడ్డుకి వెళ్లడం మానేశాడు. బల్ల మీద పడుకుంటున్నాడు. పొద్దున్న పట్టీ పరీక్ష అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు. రక్తంలో ఉప్పు కనిపిస్తే ముప్ఫై ఇళ్ల అలమరలు మూతపడతాయి. కాళ్లకి నీరు వచ్చినట్టుంది, అంకమ్మ చూపించింది. వేలితో నొక్కితే గుంట పడి, పూడటానికి సమయం పడుతోంది.

అంకమ్మ వీధిని పిలిచి ఇక చాలించండని అడిగింది. అందరూ న్యాయమేనన్నారు. ఇంకెవరి చెయ్యైనా వాడదామని చూశారు. పదిమంది తమ పట్టీ తాము పెట్టుకుని చూసుకున్నారు. పదిమందికీ గోడమ్మ చీవాట్లు పెట్టింది. మంచి నాడి ఉన్న చెయ్యి వీధిలో ఒక్కటే. ప్రయోగం ఎటూ ఈ వారంతో అయిపోతుంది కదా అని ఎవరో అన్నారు. ఎవరన్నారో రాయనక్కర్లేదు. ఆ మాట అక్కడున్న అందరి మనసులోనూ ఉంది, నా మనసుతో సహా.

అంకమ్మ మొగుడి వైపు తిరిగింది. "నువ్వు కాదని చెప్పొచ్చుగా. నోరు లేదా?"

"ఎవరికని చెప్పేదే," అన్నాడు మస్తానయ్య. "తిరుపతమ్మొదినకి చెప్పనా? నీ పురుటికి రేయనక పగలనక కూర్చుంది. బడి మాస్టారికి చెప్పనా? విలేకరమ్మకి చెప్పనా? ఒకరికి చెబితే రెండోవాళ్లకి చెప్పాల."

"నీకు నువ్వు చెప్పుకో ముందు."

అతను నవ్వాడు. నవ్వాక ఊపిరి అందుకోవడానికి కాసేపు పట్టింది.

సారాంశం: వీధిలో ఏకాభిప్రాయం ఉంది.

నమోదు 5

ప్రయోగానికి ఇవాళ ఆఖరి రోజు. మూడు గుంపులూ కలిసి ఒకేసారి టవరు ఎక్కాలని సంస్థ చెప్పింది. పట్టీలన్నీ ఒకేసారి మస్తానయ్య ఒంటి మీదికి వెళ్లాయి. చేతులు చాలక కాళ్లకి కూడా తొడిగారు.

అలమరలు ఎప్పటికీ తెరుచుకోబోతున్నాయని వీధి మొత్తం సంబరంగా ఉంది. తిరుపతమ్మ ఎండు వంజరం వండి ఇంటింటికీ పంచింది. మస్తానయ్య తప్ప అందరూ పొద్దున్నే చద్దన్నంలో అదే నంజుకున్నారు. బాగా ఉప్పుగా ఉంది, బాగుంది.

మస్తానయ్య టవరు మెట్లు సగం దాకా ఎక్కి కమ్మీ పట్టుకుని ఆగాడు. తర్వాత కూర్చున్నాడు. తర్వాత పక్కకి ఒరిగిపోయాడు.

మేము పరుగున వెళ్లేసరికి గోడమ్మ గొంతు ప్రతి ఇంట్లోంచి, టవరు స్తంభానికున్న మైకులోంచి ఒకేసారి మొదలైంది. ఆరో గట్టులో ప్రతి ఒక్కరి గుండె ఒకే క్షణంలో దెబ్బతిన్నదని, ఇది ఇంతవరకు తెలియని అంటువ్యాధి అని, ఎవరూ వీధి దాటకూడదని చెప్పింది. రేవు గేటు దానంతట అది మూసుకుంది. మా పడవలు గేటుకి అవతల ఉన్నాయి.

ఇది టవరు కింద నిలబడి మైకుకి చెబుతున్నాను. మస్తానయ్యని కిందకి దించారు. పెదాలు నల్లబడ్డాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆంబులెన్స్ పడవ కావాలని అడిగాను. అంటువ్యాధిలో పడవ రాదని, రోగుల్ని ఉన్నచోటే ఉంచాలని నియమమట. జబ్బు అందరికీ సమానంగా ఉన్నప్పుడు ఒక్కరిని ముందు తీసుకెళ్లడం అన్యాయమట.

జబ్బు అందరికీ లేదు, ఒక్కడికే ఉంది, పట్టీలన్నీ అతని ఒంటి మీదే ఉన్నాయి అని చెప్పాను.

సారాంశం: వీధి ఆందోళనగా ఉంది.

నమోదు 6

అదే పొద్దున. డాక్టర్ హిమజ మైకులోకి వచ్చింది. తన దగ్గరికి చేరింది నా సారాంశం ఒక్కటే. మొదటి నుంచి మొత్తం చెప్పాను. చేతులు, బుట్టలు, అలమరలు, ఏదీ దాచలేదు. ఆమె ఓపిగ్గానే వింది.

"మేడమ్, తప్పుగా అనుకోకండి. మీ పట్టీ కూడా ఇప్పుడు గుండె ఆగిపోయే స్థితి చూపిస్తోంది," అంది. "మీరు కూడా ఒక కేసే. కేసు చెప్పిన మాటని నేను సమాచారంగా తీసుకోలేను. లక్షణంగా రాసుకోవాలి."

ఇంకొకర్ని అడగమన్నాను. తిరుపతమ్మ అదే చెప్పింది. మాస్టారు అదే చెప్పారు. వరసగా పదిమంది అదే చెప్పారు. పదకొండో మనిషి నోరు తెరిచేలోపు గోడమ్మ అడ్డం వచ్చింది. ఈ వ్యాధి మెదడుకి కూడా పాకిందని, రోగులందరూ పొల్లు పోకుండా ఒకే కథ చెబుతున్నారని నమోదు చేసింది. మీ గుండె మాట్లాడే స్థితిలో లేదు, దయచేసి పడుకోండి అని అందరినీ బతిమాలింది.

మస్తానయ్య ఏదో అన్నాడు. వంగి విన్నాను. ఎవరి పట్టీనీ తడవనివ్వొద్దంటున్నాడు. అతని చెమటకి గుడ్డపేలికలన్నీ తడిసి రంగులు కారుతున్నాయి.

అంకమ్మ అప్పటిదాకా ఏడుస్తూనే ఉంది. ఆ మాట విని ఏడుపు ఆపింది. మొగుడి చేతికి ఉన్న మొదటి పట్టీ లాగి ఎవరిదో చూడకుండా జనంలోకి విసిరింది. రెండోది విసిరింది.

"ఎవరి జబ్బు వాళ్లు తగిలించుకోండి," అంది. "ఆయనది ఆయనకొదిలెయ్యండి."

ఎవరూ కదల్లేదు. అందరికీ అర్థమైంది. తన పట్టీ తను పెట్టుకుంటే ఇన్నాళ్లూ దాచిన షుగర్లు, బీపీలు బయటపడతాయి. ఆఖరి రోజున ప్రయోగం పోతుంది, అలమర పోతుంది. అంత లెక్క వేసుకోవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదుగానీ, ఆ కాస్త సమయం అంకమ్మ మా మొహాలు చూస్తూ నిలబడింది.

ముందు వంగింది తిరుపతమ్మ. మోకాళ్ల మీద కూర్చుని పసుపు పేలిక వెతుక్కుంది. "ఉప్పు లేకపోతే చప్పిడి తింటాం," అంది. "ఈడు లేకపోతే ఏ మొహం పెట్టుకుని తింటామే." పట్టీ తొడుక్కుంది. తర్వాత అందరూ వంగారు. నీలం నాకు దొరికింది.

మస్తానయ్య చేతికి చివరికి ఒక్క పట్టీ మిగిలింది. దానికి ఏ పేలికా లేదు.

గోడమ్మ ఏదో మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది. ఆ గొంతు తడబడటం నేను మొదటిసారి విన్నాను. తర్వాత ప్రకటించింది. ఆరో గట్టులో రోగులందరూ ఒకేసారి కోలుకున్నారు. బీపీ, షుగరు వంటి తర్వాతి ప్రభావాలు కొన్ని మిగిలాయిగానీ ప్రాణాపాయం లేదు. కోలుకోని కేసు ఒకటే ఉంది. పరిశోధనకి ఆ కేసు చాలా విలువైనది. తక్షణం పడవ పంపుతున్నారు.

పడవ వచ్చింది. గేటు తెరుచుకుంది. అంకమ్మ కూడా ఎక్కింది. ఎవరూ ఆపలేదు.

సారాంశం: వీధి కోలుకుంది.

నమోదు 7

మస్తానయ్య గుండెకి ఆపరేషన్ అయింది. బతికాడు. అంకమ్మ ఆసుపత్రి గోడలోంచి తిరుపతమ్మకి చెప్పింది, తిరుపతమ్మ గట్టు మీద నిలబడి వీధి మొత్తానికి చెప్పింది. నేను రాసేలోపు పక్క గట్టు వాళ్లకి కూడా తెలిసింది.

ఇక్కడ సంస్థ వేరే పనిలో ఉంది. అందరూ ఎలా కోలుకున్నారన్నది వాళ్ల ప్రశ్న. కోలుకున్న ప్రతి మనిషి రక్తంలో ఆ పొద్దున ఒక వస్తువు ఎక్కువగా ఉంది. కోలుకోని ఒక్కడి రక్తంలో అది లేదు. ఉప్పు. ఏ రకం ఉప్పో తెలుసుకోవడానికి ఇద్దరు కుర్ర పరిశోధకులు మాస్కులతో వచ్చి తిరుపతమ్మ గిన్నెలో అడుగున మిగిలిన కూర గీరుకుని సీసాలో పట్టుకెళ్లారు.

పట్టీల సంగతి వాళ్లకీ చెప్పాను. వాళ్లలో ఒకడు జాలిగా చూసి, ఆ జ్ఞాపకం నెమ్మదిగా తగ్గిపోతుందని ధైర్యం చెప్పాడు.

సారాంశం: నివాసులు పరిశోధకులకు సహకరిస్తున్నారు.

నమోదు 8

మస్తానయ్య ఇంటికి వచ్చాడు. దింపడానికి డాక్టర్ హిమజ స్వయంగా పడవలో వచ్చింది. గోడ మీద కంటే పొట్టిగా ఉంది. అతన్ని మెట్లెక్కించాక రేవు దగ్గర నాతో నిలబడింది.

ఆపరేషన్ ముందు అతని చొక్కా చేతులు పైకి మడిచానని చెప్పింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఒకదాని పక్కన ఒకటి తెల్లటి చారలు. ఎండ తగలని చోట్లు. చీలమండల దగ్గర కూడా ఉన్నాయట.

"అప్పుడు మీ నమోదులు మొదటి నుంచి చదివాను," అంది. "సారాంశాలు కాదు. మీరు రాసింది."

నా పని మొత్తంలో ఒక పాఠకురాలు దొరికింది. సంతోషించాలో లేదో తెలియలేదు.

అడక్కుండానే ఇంకో సంగతి చెప్పింది. మస్తానయ్య గుండెలో లోపం పుట్టుకతోనే ఉంది. వర్షాలు మొదలయ్యాక నాడి మధ్యలో చిన్నగా తప్పడం మొదలైంది. అలా తప్పిన మొదటి రోజే పట్టీ దాన్ని పట్టుకుంది. ఒక్క పట్టీయే చెప్పి ఉంటే యంత్రం వెంటనే పిలిచేది. వీధి మొత్తం అదే నాడి చూపించేసరికి, ఆరో గట్టు మనుషుల గుండె తీరే అంత అనుకుని, దాన్నే ఆరోగ్యమని రాసుకుంది. ఆ కొలత పెట్టుకుని మిగతా గట్ల వాళ్లకి చీవాట్లు కూడా పెడుతోంది.

ఇవన్నీ సరిదిద్దవచ్చు కదా అన్నాను.

"సవరణ పంపాను. పన్నెండు పేజీలు. పైకి అన్నీ యంత్రం ద్వారానే వెళ్లాలి కదా, అది కుదించింది."

"ఏమని?"

"'రచయిత్రి ఆరో గట్టు ప్రజలకు కృతజ్ఞతలు తెలిపారు' అని."

పడవ ఎక్కేముందు ఆమె ఒక మాట రెండుసార్లు చెప్పింది. మస్తానయ్య ఉప్పు ముట్టకూడదు. చిటికెడు కూడా. ముడితే కాళ్లకి మళ్లీ నీరు వస్తుంది, ఈసారి గుండె తట్టుకోదు.

సారాంశం: వైద్యురాలి సందర్శన ఫలవంతంగా జరిగింది.

నమోదు 9

కొత్త వ్యాధికి మా వీధి పేరు పెట్టారు. మందు కూడా ఖరారైంది. కోస్తాలో ప్రతి గట్టు మీదా ప్రతి మనిషీ రోజూ పొద్దున్నే ఒక ముక్క ఎండు చేప తినాలి. పట్టీ చూసుకుంటుంది. రక్తంలో తగినంత ఉప్పు కనిపించకపోతే వ్యాధి తిరగబెట్టే ప్రమాదముందని లెక్క. అలాంటివాళ్లని పడవలో తీసుకెళ్లి విడిగా ఉంచి, గొట్టంతో ఉప్పు ఎక్కిస్తారు.

అలమరలు తెరిచే ఉన్నాయి. ఇప్పుడు వాటిని మూసే వీలు లేదు. తిరుపతమ్మ ఔషధ తయారీదారు అయింది. ఆమెకి ఇచ్చిన తెల్ల కోటు చేపల వాసన పట్టకుండా ఇంట్లో కొక్కేనికి తగిలించింది. బీపీకి మాత్రం ఆమెకి ఇప్పుడు మాత్రలు వస్తున్నాయి. వ్యాధి తర్వాతి ప్రభావం కింద వీధిలో అందరికీ వస్తున్నాయి. ఇన్నాళ్లూ ఎవరికీ రాని మాత్రలు.

నిన్న గోడమ్మ మస్తానయ్యని పేరు పెట్టి పిలిచింది. మీ రక్తంలో మందు కనిపించడం లేదు, రేపు కూడా కనిపించకపోతే పడవ వస్తుందని చెప్పింది. అంకమ్మ డాక్టర్ హిమజ మాట చెప్పింది. అది మా దగ్గర నమోదు కాలేదంది గోడమ్మ.

మాపటికి వీధి మళ్లీ అతని అరుగు మీద చేరింది. ఎవరూ ఏమీ అడగలేదు. మస్తానయ్య మణికట్టు నుంచి పట్టీ విప్పింది తిరుపతమ్మ. దానికి తన చీర కొంగులోంచి ఒక ఎర్ర పేలిక చింపి కట్టింది. వంతులు వేశారు. మొదటి వంతుకి పోటీ వచ్చింది. నేను పెద్దదాన్నని చెప్పి తీసుకున్నాను.

దాంతో ఇంకో సమస్య వచ్చింది. పట్టీ నా చేతికుంటే అతని గుండెని చూసుకునేది ఎవరు? ఆ గుండె మీద రెండు పత్రాలు, ఒక వ్యాధి ఉన్నాయిగానీ కాపలా లేదు. మాస్టారు ఏదో యంత్రం తయారుచేద్దామన్నారు. అంకమ్మ ఆయన్ని మధ్యలోనే ఆపింది. ఆసుపత్రిలో నర్సు దగ్గర నాడి చూడటం నేర్చుకున్నానంది.

ఈ పొద్దున నా ఎడమ చేతికి రెండు పట్టీలున్నాయి, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. నా వంతు చేప తిన్నాను. మస్తానయ్య వంతు చేప కూడా తిన్నాను. ఎదురరుగు మీద అతను ఒట్టి చేతులతో కూర్చుని చప్పిడి జావ తాగుతున్నాడు. చారలు ఇంకా కనిపిస్తున్నాయి.

గోడమ్మ పలకరించింది. మస్తానయ్య రక్తంలో ఉప్పు సరిపడా ఉందని, అతను పూర్తిగా కోలుకున్నాడని చెప్పింది. వీధి మొత్తం వింది. మస్తానయ్య గోడకి దణ్ణం పెట్టాడు.

అంకమ్మ పక్కన కూర్చుని అతని మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి పట్టుకుంది. కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఎలా ఉందని ఇక్కడి నుంచే అడిగాను.

కళ్లు తెరవకుండానే అంది: "మాట్లాడించమాక పిన్నీ. లెక్క తప్పుద్ది."